క్రొత్త రోలు: తొలి సంస్కారము, నిత్య సంరక్షణ

(పంచాయతి సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగపాఠము)



రోడ్లు, మురుగు కాలువలు, మంచినీటి చెరువులు, వీధి దీపములు: పంచాయతి సభ్యులతో మాటలాడవచ్చిన ప్రభుత్వోద్యోగి సాధారణముగా ఎత్తుకొను విషయములివి. నేడు మేము ఎత్తుకొనిన విషయము వీటన్నిటికంటె చిన్నది. అది ఇంటి పెరటిలోనే ఉన్నది. కనుకనే ఎవరి దృష్టికిని రాకున్నది. అది రోలు. "రోటికి సంస్కారమేమి, దానికొక ఉపన్యాసమేమి?" అని కొందరు నవ్వవచ్చును. కాని క్రొత్తరోటిని తెచ్చిన నాడే పచ్చడి నూరిన ఇంట, ఆ పచ్చడిలో రాతిపొడి ఎంత కలిసినదో ఎవరును తూచి చూడరు. దానిని తినువారిలో పాలపండ్ల పసివారును, పండ్లు కదలుచున్న ముసలివారును ఉందురు. ఆ రోటిని మలచిన పనివాని ఊపిరితిత్తులలో ఎంత పొడి చేరినదో అంతకంటెను ఎవరును చూడరు. ఈ రెండును పంచాయతి పట్టించుకొనదగిన సంగతులే.

మిక్సీలు, గ్రైండరులు ఇంటింటికి వచ్చిన మాట నిజము. వానిని కాదనుట మా ఉద్దేశము కాదు. అయినను రోలు మన ఇండ్లు విడిచి పోలేదు. పెండ్లి పనులు పసుపు కొట్టుటతోనే మొదలగును. పెండ్లికూతురు సన్నికల్లు తొక్కవలసినదే. సంక్రాంతికి అరిసెల పిండి, వేసవిలో ఆవకాయకు ఆవపిండి, ఏడాది పొడవున కందిపచ్చడి, గోంగూర పచ్చడి రోటిలోనే రుచియని చెప్పువారు ఏలూరు మొదలు తాడేపల్లిగూడెము వరకు ప్రతి ఊరను ఉన్నారు. పచ్చళ్ళ రుచిని నమ్ముకొని పూటకూళ్ళు, పచ్చళ్ళ వ్యాపారము నడుపు స్వయంసహాయక సంఘముల స్త్రీలు సయితము క్రొత్తరోళ్ళు కొనుచున్నారు. ఒక ఇంటి రోటిలోని లోపము ఆ ఇంటిదే. వ్యాపారమునకు పెట్టిన రోటిలోని లోపము ఊరందరిది.

మొదట క్రొత్తరాయి ఏల పొడి రాల్చునో తెలిసికొందము. రాతిని ఉలితో చెక్కునపుడు పైపొరలోని కణములు సగము విరిగి, సగము అంటుకొని ఉండును. గ్రానైటువంటి గట్టిరాతిలో పలుగురాతి కణములు మెండు. ఖనిజముల గట్టిదనమును 1 నుండి 10 వరకు కొలుచు లెక్కలో పలుగురాయి 7. మన పంటిమీది పింగాణి పొర సుమారు 5. అనగా పచ్చడిలో కలిసిన పలుగుకణము పంటికంటె గట్టిది. నమలిన ప్రతిసారియు పంటిని ఆకురాయివలె అరగదీయును. ఇది ఊహ కాదు. ప్రాచీన ఈజిప్టు దేశపు శవములను పరీక్షించిన వైద్యులు, రాజులనక పేదలనక అందరి పండ్లును మిక్కిలి అరిగియుండుట చూచిరి. తిరుగలి రాతిపొడియు, ఎడారి ఇసుకయు వారి రొట్టెలలో కలియుటయే దానికి ముఖ్యకారణమని నిర్ణయించిరి.

ఇక రాతి ఎంపిక. కొల్లేటి లంకలలో వెదకినను రాయి దొరకదు. కృష్ణా గోదావరీ నదుల డెల్టాల నడుమ ఏర్పడిన ఆ పల్లములో ఒండ్రు నల్లమన్నే గాని బండ లేదు. రోలు ఎక్కడనుండియో రావలసినదే. ఏలూరునకు ఉత్తరముననున్న మెట్టలో రాయి కలదు. కాని అచ్చట మిక్కుటముగా కనబడునది ఇసుకరాయి. కామవరపుకోట ప్రాంతమున గుంటుపల్లి కొండలో రెండువేల ఏండ్లకు పూర్వము బౌద్ధభిక్షువుల కొరకు తొలిచిన గుహలు ఈ ఇసుకరాతిలోనివే. ఉలికి లొంగు రాయి గుహకు మంచిది, రోటికి కాదు. ఇసుకరాయి ఎన్ని నాళ్ళు నూరినను ఇసుకను రాల్చుచునే ఉండును. కనుక దగ్గరలో దొరకినదని, చవుకయని దానిని కొనరాదు. రోటికి గట్టి గ్రానైటుగాని, సన్నని కణములుగల నల్లరాయిగాని తగును.

కొనునపుడు చేయదగిన పరీక్షలు అయిదు కలవు. వీనికి ఖర్చు లేదు.

ఒకటి: చిన్న సుత్తితో అంచును తట్టి చూడవలెను. గంటవలె ఖంగుమన్నచో రాయి గట్టిది. బొద్దుగా మ్రోగినచో లోపల పగులున్నదని గ్రహింపవలెను.

రెండు: నీటిబొట్టు వేసి చూడవలెను. బొట్టు నిలిచినచో మంచిది. క్షణములో ఇంకిపోయినచో ఆ రాయి పచ్చడి రసమును సయితము అట్లే త్రాగును, క్రుళ్ళును.

మూడు: చాకుమొనతో అడుగున గీయవలెను. సులువుగా గీతపడి పొడి రాలినచో అది మెత్తనిరాయి.

నాలుగు: నిమ్మరసపు చుక్క వేయవలెను. బుడగలు లేచినను, ఆ చోట మెఱుగు తప్పినను అది సున్నపురాయో పాలరాయో అయియుండును. చింతపండు పులుపు దానిని దినదినమును తినివేయును.

అయిదు: తడిపిన తెల్లగుడ్డతో గట్టిగా తుడిచి చూడవలెను. నలుపు అంటినచో రాతికి రంగో నూనెమసియో పూసిరన్నమాట. అట్టిదానిని అమ్మినవానికే వదలవలెను.

బేరము కుదిరిన పిమ్మట మోత సంగతి. ఒక ఘనపుటడుగు గ్రానైటు సుమారు 75 కిలోలు తూగును. రుబ్బురోటిని ఇంటి ఆడువారిచేత ఒంటరిగా దొర్లింపించుట, పడవ అంచుపై నిలుపుట ప్రమాదము. ఇద్దరు ముగ్గురు కలిసి దింపవలెను. నిలుపు చోటును కూడ ఆలోచింపవలెను. కొల్లేటి చుట్టుపట్ల నల్లరేగడి వానకు ఉబ్బును, ఎండకు బీటలువారును. అట్టి నేలలో నేరుగ పాతిన రోలు ఒకయేడాదిలోనే ఒరుగును. జానెడు లోతున ఇసుక పోసి దిమ్మిసకొట్టి, దానిపై ఇటుక తిన్నె కట్టి నిలుపుట మేలు. కడిగిన నీరు నిలువక పోవునట్లు తిన్నెకు వాలు ఉండవలెను. పశువుల కొట్టమునకు, మరుగుదొడ్డికి దూరముగ ఉండవలెనని వేరుగా చెప్పనక్కఱలేదు.

ఇప్పుడు అసలు సంస్కారము. దీనికి మూడు నాలుగు దినములు పట్టును. తొందరపడరాదు, ఇల్లలుకగానే పండుగ కాదు.

మొదటి దినమున రోటిని, పొత్రమును కొబ్బరిపీచుతో రుద్ది, మంచినీటితో మూడు నాలుగు మారులు కడుగవలెను. సబ్బు వాడరాదు, దాని వాసన రాతి సందులలో నిలిచిపోవును. పిమ్మట రోటినిండ నీరు పోసి తెల్లవార్లు ఉంచవలెను. ఉదయమునకు వెలుపలివైపు చెమ్మగిల్లినచో కంటికి కనబడని పగులున్నదన్నమాట. లేనిచో నీరు పారబోసి ఒక పగలంతయు ఎండబెట్టవలెను.

రెండవ దినమున తవుడు. గుప్పెడు పొడి తవుడు వేసి, పొత్రమును నలుప్రక్కల ఒత్తి త్రిప్పుచు పావుగంట నూరవలెను. తవుటిలోని జిడ్డు రాతిపొడిని పట్టి పైకి తెచ్చును. ఆ తవుడు బూడిదరంగునకు తిరుగును. దానిని ఊడ్చివైచి మరల క్రొత్త తవుడు వేయవలెను. ఇట్లు నాలుగయిదు వాయిలు నూరవలెను. అడుగు మాత్రమే గాక అంచువరకు నూరుట ముఖ్యము. పచ్చడి చిందునది అంచుమీదికే గదా!

మూడవ దినమున నానబెట్టిన నూకలు, గుప్పెడు రాళ్ళ ఉప్పు వేసి మెత్తగా రుబ్బవలెను. ఉప్పు కణములు రాతి గరుకులలో దూరి వదులు కణములను పెకలించును. తొలివాయి ముద్ద బూడిదరంగుగా వచ్చును. దానిని తీసివైచి కడిగి మరల రుబ్బవలెను. ఎన్ని వాయిలని అడుగుదురేమో? లెక్క లేదు. ముద్ద తెల్లగా వచ్చువరకు. మంచి రాతికి మూడు వాయిలు చాలవచ్చును. గరుకు రాతికి పది కావచ్చును.

తెలుపు ఒక్కటియే చాలదు. రాయి తెల్లనిదైనచో పొడియు తెల్లగనే ఉండును గదా! దీనికి మన ఆడువారి చేతిలోనే పరీక్ష ఉన్నది. బియ్యములో రాళ్ళను గాలించు నేర్పు వారికి పుట్టుకతో వచ్చినట్టిదే. అట్లే కడపటి వాయి ముద్దను వెడల్పయిన గిన్నెలో నీటితో కలిపి, కదిపి, నిలువనిచ్చి, పైనీటిని మెల్లగా వంపవలెను. పిండి నీటితో పోవును. రాతికణము బరువు గనుక అడుగుననే నిలుచును. అడుగున మిగిలినదానిని వ్రేళ్ళనడుమ నలిపినచో గరగర తెలియును. గరగర ఉన్నంతవరకు రోలు సిద్ధము కాలేదు. ఈ పరీక్షను పంటితో చేయరాదు.

నాలుగవ దినమున వెల్లుల్లి, జీలకఱ్ఱ, ఉప్పు, కొంచెము నువ్వులనూనె వేసి నూరి, రాతి నాలుగు వైపుల పట్టించి, ఒక జాము ఉంచి, పారవైచి వేడినీటితో కడుగవలెను. దీనితో రాతివాసన పోవును. ఆ మీదట నూరినది తినదగును. ఈ నాలుగు దినములలో పారవైచిన తవుడు, నూకముద్దలను గేదెలకో కోళ్ళకో వేయకుడు. పెంటగోతిలో వేసి మన్ను కప్పుడు.

ఇది మన దేశపు పద్ధతి మాత్రమే కాదు. సముద్రముల కావల మెక్సికో దేశమున మోల్కహెతే అను మూడుకాళ్ళ రోలు కలదు. అది అగ్నిపర్వతపు నల్లరాతితో చేసినది. అచ్చటి గృహిణులును క్రొత్తరోటిలో బియ్యము, ఉప్పు వేసి, పిండి తెల్లగా వచ్చువరకు మరల మరల నూరి, పిమ్మట వెల్లుల్లి, మసాలాలు నూరి పారవైతురు. ఒకరినొకరు ఎఱుగని రెండు జాతులు ఒకే ఉపాయమును కనిపెట్టినవనగా అందులో సత్తువ ఉన్నదనుట నిశ్చయము.

కఱ్ఱరోకలికిని సంస్కారము కావలెను. చండ్రవంటి గట్టికఱ్ఱతో చేసిన రోకలిని నీడలో ఆరనిచ్చి, నువ్వులనూనె రెండు మూడు మారులు పట్టించినచో బీటలువారదు. కొనకు తొడిగిన ఇనుప పొన్ను వదులుగా ఉన్నదా, తుప్పు పట్టినదా చూచుచుండవలెను. వదులైన పొన్ను దెబ్బకొక రేకును పచ్చడిలో విడుచును. ఒట్టిరోటిలో రోకటిపోటు వేయుటయు, రాతిని రాతితో ఊరక రాపాడించుటయు కూడదు. నడుమ పదార్థము లేనపుడు రాయి రాతినే తినును.

నిత్య సంరక్షణలో నాలుగు మాటలు చాలును: నూరిన వెంటనే కడుగుడు, ఎండనిండు, మూతపెట్టుడు, వేడిచేసి చన్నీరు పోయకుడు. రాయి ఒక్కసారిగా చల్లబడిన చిట్లును. తడి నిలిచిన రోటిలో బూజు పుట్టును, ఈగలు ముసరును. పచ్చి చేపలకు, రొయ్యలకు మసాలా పట్టించు రోలును, పచ్చడి నూరు రోలును వేరువేరుగా ఉండుట మంచిది. రోటిపై కూర్చుండరాదని పెద్దలు చెప్పుదురు. భక్తితో పాటించినను, శుభ్రతకై పాటించినను ఫలమొక్కటే.

కొన్ని ఏండ్లకు రోలు నున్నబడును. అపుడు కక్కు కొట్టింతుము. కక్కు కొట్టిన రోలు మరల క్రొత్తరోలే! నున్నని పొరను పగులగొట్టి క్రొత్త కణములను వెలికి తీసితిమి గదా! తవుడు మొదలు వెల్లుల్లి వరకు సంస్కారమంతయు మరల జరుపవలెను. కొన్నప్పుడు జాగ్రత్తపడువారు సయితము కక్కు కొట్టించిన సాయంకాలమే పచ్చడి నూరుచుందురు. ఇచ్చటనే పొరపాటు ఎక్కువ.

పెచ్చులూడిన రోటిని సిమెంటుతో గాని, సీసముతో గాని పూడ్చరాదు. 1980వ దశకపు తొలి సంవత్సరములలో జోర్డాను నది పడమటి తీరపు పల్లెలలో కొందరికి తీవ్రమైన కడుపునొప్పియు, రక్తహీనతయు కలుగగా, వైద్యులు వెదకి వెదకి పిండిమరలను చేరిరి. తిరుగుడురాతిని ఇనుపకమ్మీకి బిగించుటకు పోసిన సీసము అరిగి పిండిలో కలియుచుండెను. సీసమన్నమాట ఏలూరివారికి క్రొత్తది కాదు. 2020 డిసెంబరులో పట్టణమున వందలకొలది జనులు మూర్ఛతో పడిపోయినపుడు, రోగుల రక్తమున సీసము, నికెలు కనబడినవని ఢిల్లీలోని ఎయిమ్స్ వైద్యులు తెలిపిరి. ఆ ఉదంతమును రోటికి అంటగట్టుట మా ఉద్దేశము కాదు. సీసమును తిండిదరికి రానీయరాదనుటయే మా మాట. పెచ్చులూడిన రోటిని తులసికోట ప్రక్కన పూలకుండీగ ఉంచుడు, వంటకు వలదు.

ఇంతవరకు తినువారి సంగతి. ఇక చెక్కువారి సంగతి. "రోలు వచ్చి మద్దెలతో మొరపెట్టుకొన్నట్లు" అను సామెత మనకు తెలియును. రోటిని చెక్కినవాని మొర వినువారు మాత్రము అరుదు. మ్రింగిన రాతిపొడి పండ్లను అరగదీసి, చాలవరకు వెలికిపోవును. పీల్చిన సన్నపొడి అట్లు పోదు. పలుగుకణముల ధూళి ఊపిరితిత్తులలో పేరుకొని, గట్టిపడి, సిలికోసిస్ అను వ్యాధి కలిగించును. దానిని నయముచేయు మందు లేదు. రాకుండ చూచుకొనుటయే మార్గము. ఆ వ్యాధి ఉన్నవారికి క్షయరోగము సులభముగ సోకును. ఈ ధూళి ఊపిరితిత్తుల పుట్టకుఱుపును కూడ కలిగించునని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధన సంస్థ 1997లో నిర్ణయించినది. వంశపారంపర్యముగ రాతిపనిచేయు వడ్డెర సోదరులలోను, మరపట్టి రాతిని కోయు యువకులలోను దగ్గును "పనిదగ్గు" అని తేలికగ తీసికొనుట మానవలెను. వెనుక ఉలిదెబ్బకు లేచిన ధూళికంటె నేటి కోతమరకు లేచు ధూళి మిక్కిలి సన్ననిది, మిక్కిలి అపాయకరమైనది.

దీనికి ఉపాయము నీరు. రాతిని తడిపి చెక్కినను, కోతరంపముపై నీరు ధారగ విడిచినను ధూళి చాలవరకు అణగును. ముక్కుకు చుట్టిన తుండుగుడ్డ సన్నధూళిని ఆపజాలదు; దానికై చేసిన ముసుగు ధరింపవలెను. కన్నులకు అద్దములుండవలెను. ఇంటిముంగిట కక్కు కొట్టించునపుడు చంటిపిల్లలను దూరముగ ఉంచి, రోటిని తడిపి ఉంచుట ఇంటివారి ధర్మము. పనివాడు వచ్చినపుడు చెంబెడు నీళ్ళు త్రాగనిచ్చు మర్యాద మనకు కలదు. మరొక బిందెడు రాతిపై పోయు మర్యాదను కూడ అలవరచుకొందము.

కొల్లేటి గ్రామములవారికి వేరొక మాట. బుడమేరు, తమ్మిలేరు తెచ్చిన నీరంతయు కొల్లేటిలో చేరి ఉప్పుటేటి ద్వారా సముద్రమునకు పోవలెను. పోవు దారి ఇరుకైనపుడు నీరు పెరళ్ళలోనికి వచ్చును. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడను ముంచిన పిమ్మట ఆ వరదనీరు కొల్లేటికే దిగినది. వరదలో మునిగిన రోటిలోనికి మురుగును, క్రిములును చేరును. నీరు తీసిన పిమ్మట బురద కడిగి, పది లీటర్ల నీటికి సుమారు 6 గ్రాముల మంచి బ్లీచింగు పౌడరు కలిపి, తేరిన నీటిని రోటినిండ పోసి అరగంట ఉంచవలెను. పొత్రమును ఒక తొట్టిలో ఆ నీటిలోనే ముంచవలెను. పిమ్మట మంచినీటితో పలుమార్లు కడిగి, ఎండబెట్టి, నూకలు ఉప్పు వేసి ఒకవాయి రుబ్బి పారవేయవలెను. బ్లీచింగు నీటితో నిమ్మరసముగాని, చింతపండుగాని కలుపరాదు, విషవాయువు పుట్టును.

పంచాయతి సభ్యులారా! ఇవన్నియు ఆడువారి పనులు, మాకేమి సంబంధమని అనకుడు. 1992 నాటి 73వ రాజ్యాంగ సవరణతో చేరిన పదునొకండవ షెడ్యూలులో పంచాయతులకు అప్పగింపదగిన 29 విషయములు కలవు. గ్రామీణ కుటీర పరిశ్రమలు, ఆరోగ్య పారిశుధ్యములు, స్త్రీ శిశు సంక్షేమము ఆ పట్టికలోనివే. ఈ మూడును కలియు చోట రోలున్నది. కనుక మీరు చేయదగిన పనులు కొన్ని మనవి చేయుచున్నాము.

మీ ఊరి బడి వంటశాలలోను, అంగన్‌వాడీలోను రోలున్నచో అది క్రొత్తదా, కక్కు కొట్టినదా, సంస్కారము జరిగినదా అని వంటవారిని అడుగుడు. గాలింపు పరీక్షను మీ ఎదుట ఒకమారు చేయించుడు. పచ్చళ్ళ వ్యాపారము చేయు సంఘములవారికి ఈ సంగతి గ్రామసభలో చెప్పించుడు. చెప్పుటకు పెద్ద వయసు గృహిణులకంటె మంచి ఉపాధ్యాయులు లేరు. రాతిపనివారు ఊరికి వచ్చినపుడు బడికి, అంగన్‌వాడీకి దూరముగ, నీటికుళాయి దగ్గర, గాలి ఆడు చోటు చూపించుడు. మీ ఊరిలో రాతిపనివారు ఉన్నచో ఎడతెగని దగ్గు, ఆయాసము కలవారిని ఆశా కార్యకర్తద్వారా ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు పంపి, తాము చేయు పని యేదో వైద్యునకు తప్పక చెప్పుడని చెప్పుడు. పని తెలియనిదే జబ్బు తెలియదు.

వీనిలో ఏ ఒక్కదానికిని పెద్ద నిధులు అక్కఱలేదు. పై అధికారుల ఉత్తరువుకై ఎదురుచూడ నక్కఱలేదు. గుప్పెడు తవుడు, దోసెడు నూకలు, బిందెడు నీరు, నాలుగు దినముల ఓర్పు చాలును. బాగుగ సిద్ధపఱచిన రోలు తరతరములకు నిలుచును. మనుమరాలు నూరిన పచ్చడిలో రాయి తగులకుండుట నేడు మనము తీసికొను శ్రద్ధపై ఆధారపడియున్నది. ఆ రోటిని చెక్కినవాడు తన మనుమలను ఎత్తుకొని ఆయాసము లేక నడువగలుగుట కూడ మన శ్రద్ధపైననే ఆధారపడియున్నది. ఈ రెండిటిని మీ గ్రామములలో సాధింతురని విశ్వసించుచు సెలవు తీసికొనుచున్నాము.